మీటరు ‘తృప్తికరం’ అంటోంది, డాబా మీద నల్ల పొడి: బల్లార్‌పూర్ గాలిని ఏం కొలవాలి, ఎవరికి చూపించాలి

ప్రశ్న ఇది. మహారాష్ట్రలోని బల్లార్‌పూర్‌లో బొగ్గు ఎక్కించే రైల్వే సైడింగ్‌కు (గూడ్సు రైళ్లు నిలిపే పక్క పట్టాలకు) దగ్గర్లో తెలుగువాళ్ల బస్తీ. పొద్దున లేచేసరికి డాబా మీద, ఆరేసిన బట్టల మీద నల్ల పొడి ఉంటోంది. అందరూ చందా వేసుకుని చిన్న లేజర్ మీటరు కొన్నారు. అది పీఎం 2.5 ని 40 దగ్గర చూపిస్తోంది, యాప్ ‘తృప్తికరం’ అంటోంది. మీటరు తప్పా, మన అనుమానం తప్పా? ఈ అంకెలు కాలుష్య నియంత్రణ బోర్డుకు ఇస్తే పట్టించుకుంటారా?

మీటరు అబద్ధం చెప్పడం లేదు, డాబా కూడా చెప్పడం లేదు. రెండూ వేరువేరు వస్తువుల సంగతి చెబుతున్నాయి. పీఎం 2.5 అంటే రెండున్నర మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు రేణువులు: పొగ, వాయువులు గాలిలో మారి ఏర్పడిన సల్ఫేట్లు, నైట్రేట్లు. పీఎం 10 అంటే పది మైక్రాన్ల లోపువి. డాబా మీద వేలితో రాస్తే అంటుకునే పొడిలో బరువు పరంగా ఎక్కువ భాగం 20 నుంచి 100 మైక్రాన్ల రేణువులదే ఉంటుంది. అది పీఎం 2.5 లోకే కాదు, పీఎం 10 లెక్కలోకి కూడా రాదు. ఆ పొడి గురించి పీఎం 2.5 మీటరును అడగడమంటే బియ్యం బస్తాను థర్మామీటరుతో తూచినట్టే.

ఇంకో చిక్కు ఉంది. ప్లాంటవర్ పీఎంఎస్5003 లాంటి సెన్సర్లలో చిన్న ఫ్యాను గాలిని నెమ్మదిగా లాగుతుంది. ఆ గాలి వంకర దారిలో తిరిగి లేజర్ దగ్గరికి వస్తుంది. ముతక రేణువులు ఆ మలుపుల దగ్గరే ఆగిపోతాయి, లేదా లోపలికే రావు. తెర మీద కనిపించే ‘పీఎం 10’ అంకె చాలావరకు సన్న రేణువుల లెక్క నుంచి ఊహించినది. ఒక వారం డేటా తీసి పీఎం 10 ని పీఎం 2.5 తో భాగించి చూడండి. ప్రతి గంటా 1.1, 1.2 చుట్టూనే తిరుగుతుంటే ఆ పీఎం 10 ని పక్కన పెట్టేయండి. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన నిజమైన నిష్పత్తి రెండు, మూడు రెట్లు ఉండడం మామూలే.

‘తృప్తికరం’ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూద్దాం. మన దేశపు వాయు నాణ్యత సూచీలో పీఎం 2.5 కు ఘనపు మీటరు గాలిలో 31 నుంచి 60 మైక్రోగ్రాముల మధ్య ఏదున్నా 51–100 పట్టీలో పడుతుంది. 40 అంటే సూచీ 66. కానీ అసలు సూచీ కట్టాలంటే కనీసం మూడు కాలుష్యకాల కొలతలు కావాలి. వాటిలో ఒకటి పీఎం 2.5 గాని పీఎం 10 గాని కావాలి, రోజుకు కనీసం 16 గంటల డేటా ఉండాలి. వాటిలో ఏది ఎక్కువ వస్తే అదే సూచీ. అదే రోజు నిజమైన పీఎం 10 గనక 180 ఉంటే సూచీ 153, అంటే ‘మధ్యస్థం’. ఒకే కాలుష్యకంతో యాప్ చెప్పే రంగు సూచీ కాదు, సగం సూచీ కూడా కాదు.

ఇప్పుడు పొడి సంగతికి వద్దాం. 50 మైక్రాన్ల బొగ్గు రేణువు గాలిలో సెకనుకు దాదాపు 10 సెంటీమీటర్ల వేగంతో కిందికి దిగుతుంది. పది మీటర్ల ఎత్తున లేచిందనుకుంటే నేల చేరడానికి 100 సెకన్లు. గాలి సెకనుకు 2 మీటర్లు వీస్తుంటే అది పోయే దూరం 200 మీటర్లు, గట్టి గాలికి నాలుగైదు వందలు. అంటే మీ బట్టల మీద నల్ల పొడి పడేది దగ్గరి నుంచే: సైడింగ్, బొగ్గు కుప్ప, తాటిపత్రి (టార్పాలిన్) కప్పని లారీ, లారీ చక్రాలు నలిపిన రోడ్డు. చంద్రపూర్ థర్మల్ కేంద్రం చిమ్నీ మీద నెపం వేయడం తేలిక, కానీ ఈ విషయంలో అది తప్పు లెక్క. 500 మెగావాట్ల యూనిట్లకు 275 మీటర్ల చిమ్నీ ఉండాలన్నది పాత నిబంధన. అంత ఎత్తు నుంచి వచ్చేది సన్న బూడిద, సల్ఫర్ డయాక్సైడ్. అవి కిలోమీటర్ల దూరం పోతాయి. ఎండెక్కి కింది గాలి కలగాపులగం అయ్యే పదకొండు, పన్నెండు గంటలప్పుడు నేలకు దిగుతాయి. చంద్రపూర్‌లో బోర్డు నిరంతర స్టేషన్లు నగరంలో ఒకటి, ఖుటాలా ఎంఐడీసీ పారిశ్రామికవాడలో ఒకటి ఉన్నాయి. వాటి సల్ఫర్ డయాక్సైడ్ గంటల గ్రాఫులో మిట్టమధ్యాహ్నానికి ముందు గుట్టలా ఎత్తు కనిపిస్తే అది పొడవాటి చిమ్నీ జాడ. పొద్దున ఏడింటికి, రాత్రి ఎనిమిదింటికి నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి లేచేది వాహనాలది, పొయ్యిలది. గని కాలనీల్లో బొగ్గు సిగిడీలు (కుంపట్లు) ఇంకా వెలుగుతున్నాయి కాబట్టి శీతాకాలం పొద్దుటి పొగలో వాటి వాటా తక్కువ అనుకోవద్దు.

కాబట్టి మీరు మొదట చేయాల్సింది ధూళిపాతం కొలవడం. ఖర్చు తక్కువ, కరెంటు అక్కర్లేదు, దీనికి ఐఎస్ 5182 మొదటి భాగంలో భారతీయ ప్రమాణ పద్ధతే ఉంది. నిటారు గోడలున్న స్టీలు లేదా ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. మూతి 20 సెంటీమీటర్లు, లోతు 45 దాకా ఉండాలి. ఏటవాలు బకెట్ పనికిరాదు, మూతి వైశాల్యం మీదే లెక్కంతా నడుస్తుంది. లోపల పది సెంటీమీటర్ల డిస్టిల్డ్ వాటర్, పాచి పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేయండి. నీళ్లు ఎందుకంటే, ఒకసారి పడ్డ పొడి మళ్లీ గాలికి లేవకుండా. డాబా నేల మీద నేరుగా పెట్టొద్దు, అక్కడి పొడే ఎగిరి లోపల పడుతుంది. కనీసం నాలుగు అడుగుల స్టాండు మీద పెట్టి, పిట్టలు వాలకుండా మూతి చుట్టూ ముళ్ల తీగ వలయం కట్టండి. చెట్టు కింద, నీళ్ల ట్యాంకు పక్కన, వంటింటి పొగగొట్టం దగ్గర వద్దు. మే నెలలో 45 డిగ్రీల ఎండకు నీళ్లు చకచకా ఇగిరిపోతాయి, నాలుగు రోజులకోసారి చూసి డిస్టిల్డ్ వాటరే కలపాలి. మున్సిపాలిటీ నీళ్లు పోస్తే వాటిలోని ఉప్పులు బరువుగా తేలతాయి. జులైలో వాన ఎక్కువైతే డబ్బా పొంగుతుంది, లోతు కావాలన్నది అందుకే.

30 రోజులయ్యాక నీళ్లను ఒక మిల్లీమీటరు జల్లెడలో వడగట్టి ఆకులు, పురుగులు తీసేయండి. తర్వాత ముందే ఆరబెట్టి తూచిన ఫిల్టర్ పేపరులో వడగట్టి, 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, మిల్లీగ్రాము చూపే త్రాసు మీద తూచాలి. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఈ పని అయిపోతుంది. లెక్క: గ్రాముల బరువును మూతి వైశాల్యంతో, తర్వాత రోజులతో భాగించడమే. 20 సెంటీమీటర్ల మూతి వైశాల్యం 0.0314 చదరపు మీటర్లు. 0.4 గ్రాములు వస్తే చదరపు మీటరుకు నెలకు 12.7 గ్రాములు, రోజుకు 0.42. మన జాతీయ వాయు ప్రమాణాల్లో ధూళిపాతానికి హద్దు లేదు. జర్మనీలో సాధారణ ధూళికి ఏడాది సగటు రోజుకు 0.35 గ్రాములు దాటొద్దన్న హద్దు ఉంది. అది ఇక్కడ చట్టం కాదు, కానీ పోల్చడానికి ఆధారం. ఆ హద్దు మీ డబ్బాలో నెలకు 330 మిల్లీగ్రాములతో సమానం.

ఒక్క డబ్బాతో ఏమీ తేలదు. కనీసం నాలుగు కావాలి: సైడింగ్ నుంచి 100, 300, 700 మీటర్ల దగ్గర ఒక్కోటి, సైడింగ్‌కు అటువైపు, గాలి వచ్చే దిక్కున ఒకటి. ఈ ప్రాంతంలో చలికాలం గాలి ఎక్కువగా ఉత్తర, ఈశాన్యాల నుంచి, వానాకాలం నైరుతి, పడమరల నుంచి. కాబట్టి ‘గాలి వచ్చే దిక్కు’ కాలాన్ని బట్టి మారుతుంది, డబ్బాల స్థానం మాత్రం మార్చొద్దు. దూరం పెరిగే కొద్దీ బరువు జారిపోతుంటే మూలం దగ్గర్లో ఉందన్నట్టు. నాలుగింటిలోనూ ఒకేలా ఉంటే మీ అనుమానం తప్పు, అదీ తెలుసుకోవాల్సిన సంగతే.

అసలు కిటుకు తర్వాత ఉంది. ఆ పొడి బొగ్గా, చిమ్నీ బూడిదా, రోడ్డు మట్టా, సిమెంటా? రాజురా, కోర్‌పణా వైపు సున్నపురాయి దుమ్ము కూడా ఉంటుంది కాబట్టి ఇది అడక్క తప్పదు. ఆరిన పొడిని తూచి, మఫిల్ ఫర్నేసులో (ల్యాబుల్లో ఉండే అధిక వేడి పొయ్యిలో) 550 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు ఉంచి మళ్లీ తూచండి. ఈ బొగ్గులో బూడిద 30–40 శాతం ఉంటుంది కాబట్టి, అచ్చం బొగ్గు పొడి అయితే అరవై శాతానికి పైగా బరువు పోతుంది. చిమ్నీ బూడిద ముందే కాలిపోయింది, బరువు పెద్దగా తగ్గదు. రోడ్డు మట్టి కొద్దిగా తగ్గుతుంది. కొందరు 800 డిగ్రీలకు తీసుకెళ్తారు, అక్కడే పొరపాటు జరుగుతుంది: సున్నపురాయి 700 దాటాక విచ్చిపోయి 44 శాతం బరువు కోల్పోతుంది, అది బొగ్గులా కనిపిస్తుంది. సున్నపురాయి అనుమానం ఉంటే రెండు చుక్కల సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేయండి, బుసబుసమంటే ఉన్నట్టే. మైక్రోస్కోపు దొరికితే 400 రెట్లలో చూడండి. చిమ్నీ బూడిదలో గాజు గోళీల్లాంటి గుండ్రని రేణువులు, బొగ్గులో నల్లటి పదునైన పెంకులు. సైడింగ్ కుప్ప నుంచి, రోడ్డు నుంచి, మీ డాబా నుంచి మూడు నమూనాలు పక్కపక్కన పెట్టి ఫోన్‌తో ఫోటో తీస్తే పది పేజీల వాదన కన్నా ఎక్కువ పని చేస్తుంది.

ధూళిపాతం బట్టలను, మొక్కలను, మనశ్శాంతిని పాడు చేస్తుంది. ఊపిరితిత్తుల్లోకి పోయేది మాత్రం పీఎం 10, అందులోనూ లోతుగా పోయేది పీఎం 2.5. బోర్డు చట్టప్రకారం కదలాలంటే పీఎం 10 అంకె కావాలి. ప్రమాణం 24 గంటలకు 100, ఏడాదికి 60 మైక్రోగ్రాములు. పీఎం 2.5 కు 60, 40. ఇది 2009 నవంబరు నోటిఫికేషన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకంలో పీఎం 2.5 ఏడాదికి 5 మాత్రమే. దరఖాస్తులో ఆ 5 ను పెద్దక్షరాల్లో రాయొద్దు, అధికారి దృష్టి మీ బస్తీ నుంచి జెనీవాకు పోతుంది.

పీఎం 10 కొలవడానికి గుర్తింపు పొందిన ప్రయోగశాల రెస్పిరబుల్ డస్ట్ శాంప్లర్ తెస్తుంది. నిమిషానికి సుమారు 1.1 ఘనపు మీటర్ల గాలి, 24 గంటలకు 1,584. గాలిలో 100 మైక్రోగ్రాములుంటే ఫిల్టరు మీద 158 మిల్లీగ్రాములు పడుతుంది. ల్యాబు వాళ్లిచ్చే కాగితంలో ఫిల్టరు ముందు బరువు, తర్వాత బరువు, ప్రవాహం, మొదలైన, ముగిసిన సమయం అడిగి తీసుకోండి. అవి లేకుండా ఒక్క అంకెతో కాగితం ఇస్తే దాన్ని తిరిగి లెక్క కట్టలేరు. కరెంటు పోయి శాంప్లర్ ఆరు గంటలు ఆగినా 24 గంటల గాలితో భాగించి తక్కువ అంకె చూపించే కేసులు కొత్తవి కావు.

ఎన్ని రోజులు కొలవాలి? ఇక్కడ గణాంకం అడ్డం తిరుగుతుంది. ఉదాహరణకు రోజువారీ అంకెలు సగటు చుట్టూ 25 అటూ ఇటూ ఊగుతాయనుకోండి. సగటును ప్లస్ ఆర్ మైనస్ 5 లో పట్టుకోవాలంటే ఒకదానితో ఒకటి సంబంధం లేని 96 రోజులు కావాలి. కానీ నిన్నటి గాలి, ఇవాళ్టి గాలి అన్నదమ్ములు. వరుస రోజుల మధ్య సహసంబంధం 0.6 ఉంటే, వరుసగా కొలిచిన నాలుగు రోజుల విలువ ఒక్క స్వతంత్ర రోజుతో సమానం. అంటే 384 రోజులు కావాలి. ప్రమాణంలో వారానికి రెండు రోజుల చొప్పున ఏడాదికి కనీసం 104 కొలతలు అని ఉంది. మూడు నాలుగు రోజుల ఎడంలో తీసిన కొలతలకు ఆ చుట్టరికం పలచబడుతుంది, ఈ ఉదాహరణలో 104 కొలతలు దాదాపు 74 స్వతంత్ర రోజుల పని చేస్తాయి, పొరపాటు హద్దు 5, 6 దగ్గర తేలుతుంది. డబ్బులు తక్కువైతే వరుసగా పదిహేను రోజులు కొలిపించే బదులు నెలకు రెండు రోజుల చొప్పున ఏడాది పొడుగునా కొలిపించండి. డిసెంబరులో పక్షం రోజులు కొలిచి ‘ఏడాది ప్రమాణం దాటింది’ అని రాస్తే, అవతలి లాయరు ఒక్క వాక్యంతో కొట్టేస్తాడు.

చందా డబ్బుతో కొన్న లేజర్ మీటరును పారేయొద్దు, దాని పని వేరు. పీఎం 2.5 రోజులో ఎప్పుడు లేస్తుంది, ఎప్పుడు పడుతుంది అన్నది అది బాగానే చెబుతుంది. దాన్ని నమ్మాలంటే మూడు పనులు. ఒకటి, రెండు మీటర్లు పక్కపక్కన పెట్టండి, రెంటి మధ్య తేడా 15 శాతం దాటితే ఒకటి పోయినట్టు. రెండు, అనుమతి అడిగి బోర్డు స్టేషన్ దగ్గర కనీసం నెల రోజులు పెట్టి దాని అంకెలతో సరిపోల్చండి. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటి సెన్సర్లకు పెట్టుకున్న లక్ష్యాలు కొలబద్దగా పనికొస్తాయి: ఆర్ స్క్వేర్ (రెండు పరికరాల అంకెలు ఎంత కలిసి నడుస్తాయో చెప్పేది, పూర్తిగా కలిస్తే 1) 0.70 కి తగ్గకూడదు, వాలు (స్టేషన్ అంకె ఒకటి పెరిగితే మీటరు అంకె ఎంత పెరుగుతుందో చెప్పేది) 0.65–1.35 మధ్య ఉండాలి. అదే సంస్థ ఇచ్చిన దిద్దుబాటు సూత్రాన్ని మాత్రం యథాతథంగా వాడొద్దు. అక్కడి గాలితో కట్టిన సూత్రం మన బొగ్గు గాలికి కుదరదు, మీ సూత్రం మీరే కట్టుకోవాలి, అదీ చలికాలానికి ఒకటి, ఎండాకాలానికి ఒకటి. మూడు, తేమ. గాలిలో తేమ 75 శాతం దాటాక రేణువులు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి, లేజర్‌కు పెద్దగా కనిపిస్తాయి. పొగమంచు పొద్దుటిపూట మీటరు 200 చూపిస్తే అందులో సగం నీళ్లే కావచ్చు. బోర్డు స్టేషన్‌లోని బీటా మానిటర్ గాలిని వేడి చేసి ఆరబెట్టి కొలుస్తుంది, తేడా అక్కడే. నోవా ఎస్‌డీఎస్011 రకం అయితే లేజరు ఆయువు సుమారు 8,000 గంటలు, అంటే ఆపకుండా నడిపితే ఏడాది కూడా రాదు. ఐదు నిమిషాలకు ఒక నిమిషం నడిచేలా పెట్టండి.

మార్పును నిరూపించడం స్థాయిని నిరూపించడం కన్నా తేలిక. ఇది చాలామంది గమనించరు. ‘మా గాలి చెడ్డది’ అనడానికి ఏడాది కావాలి. ‘సైడింగ్‌లో లోడింగ్ ఉన్న గంటల్లో, గాలి అటు నుంచి వీచినప్పుడు ముతక ధూళి పెరుగుతోంది’ అనడానికి రెండు నెలలు చాలు. రేక్, అంటే బొగ్గు గూడ్సు రైలు, సైడింగ్‌లో ఉన్న సమయాలు రాసుకోండి, లోడింగ్ లేని రోజులు రాసుకోండి, గాలి దిక్కు రాసుకోండి. నాలుగు గళ్ల పట్టిక: లోడింగ్ ఉంది, లేదు, గాలి అటు నుంచి, ఇటు నుంచి. మొదటి గడిలో మాత్రమే అంకె లేచి, మిగతా మూడూ దగ్గరదగ్గరగా ఉంటే చాలా బలమైన సాక్ష్యం. దీనికి ముతక రేణువులను నిజంగా లెక్కపెట్టే పరికరం కావాలి, ఆప్టికల్ పార్టికల్ కౌంటరు అద్దెకు దొరికితే రెండు వారాలు తీసుకోండి. నీళ్లు చల్లడం మొదలుపెట్టాక తగ్గిందా అని చూడాలంటే మీ అంకెతో పాటు ఖుటాలా స్టేషన్ అంకె కూడా పెట్టి రెంటి తేడాలో వచ్చిన మార్పు చూడాలి. జూన్‌లో చల్లడం మొదలుపెట్టి జులైలో తగ్గిందంటే ఆ ఘనత వానది.

ఆరోగ్యం లెక్కలతో నిరూపిద్దాం అని కొందరు సలహా ఇస్తారు: దవాఖానలో దమ్ము కేసులు లెక్కపెట్టండి అని. వద్దంటాను. కారణం చిన్న గుణకారం. పది భారతీయ నగరాల మీద 2024 లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్‌లో వచ్చిన పరిశోధన ప్రకారం పీఎం 2.5 పది మైక్రోగ్రాములు పెరిగితే రోజువారీ మరణాలు 1.42 శాతం పెరుగుతాయి. 2011 జనాభా లెక్కల్లో బల్లార్‌పూర్ జనం సుమారు 89 వేలు. వెయ్యికి ఏడుగురి చొప్పున ఏడాదికి ఆరు వందల పైచిలుకు మరణాలు అనుకుందాం. గాలి 20 మైక్రోగ్రాములు చెడిందనుకున్నా పెరిగేది 17, 18. కానీ ఏ కారణమూ లేకుండానే ఆ అంకె ఏటా పాతిక అటూ ఇటూ ఊగుతుంది. నష్టం నిజం, ఒక్క ఊరి రిజిస్టరులో అది కనిపించదు, అంతే. మీరు లెక్కపెట్టి ‘తేడా లేదు’ అని తేలితే ఆ కాగితమే మీ మీదికి తిప్పుతారు. ఆరోగ్య నష్టానికి పెద్ద పరిశోధనల అంకె చెప్పండి, బస్తీకి బస్తీ గాలి అంకె చెప్పండి.

ఇక ఎవరికి చూపించాలి. ఇది డబ్బా కొనకముందే తేల్చుకోవాల్సింది. ప్రతి అంకె ఎవరో ఒకరి సంతకం దగ్గరికి చేరాలి. రోడ్డు దుమ్ము అయితే మున్సిపల్ పరిషత్తు, లేదా రోడ్ల శాఖ. చెత్త తగలబెట్టడం అయితే మున్సిపల్ పరిషత్తే. సైడింగ్, బొగ్గు కుప్ప, లారీలు అయితే గని యాజమాన్యం, రైల్వే, వాళ్ల నెత్తిన బోర్డు. మీ పొడిలో అరవై శాతం కాలిపోయిందంటే మూడోది, పది శాతం లోపే పోయిందంటే మొదటిది.

బొగ్గు గనులకు విడిగా 2000 సెప్టెంబరు ప్రమాణాలున్నాయి. వర్ధా బొగ్గు క్షేత్రంలోని పాత గనులకు ధూళి మూలం నుంచి 500 మీటర్ల దగ్గర పీల్చగల ధూళి (అంటే పీఎం 10) 24 గంటలకు 300 దాకా అనుమతి. గని వాళ్లు ‘మేం హద్దులోనే ఉన్నాం’ అనేది ఈ 300 చూసే. కానీ అదే నోటిఫికేషన్‌లో, ధూళి మూలానికి 500 మీటర్ల లోపు నివాసాలుంటే అక్కడ సాధారణ జాతీయ ప్రమాణమే వర్తిస్తుందని ఉంది. కాబట్టి మీ మొదటి కాగితం టేపుతోనో, గూగుల్ మ్యాపుతోనో కొలిచిన దూరం కావాలి: మూలం నుంచి మొదటి ఇంటికి ఎన్ని మీటర్లు. ఆ ఒక్క అంకె 300 కు, 100 కు మధ్య తేడా తేలుస్తుంది.

రెండో కాగితం వాళ్లదే. పర్యావరణ అనుమతి పొందిన ప్రతి గనీ, ప్లాంటూ ఏటా జూన్ 1, డిసెంబరు 1 న అనుమతి షరతులు ఎంతవరకు పాటించామో నివేదిక ఇవ్వాలి. అందులో నీళ్లు చల్లే ట్యాంకర్ల సంఖ్య, చక్రాలు కడిగే ఏర్పాటు, తాటిపత్రి, చెట్ల వరుస, గాలి కొలతలు అన్నీ ఉంటాయి. కంపెనీ వెబ్‌సైట్‌లో లేకపోతే కేంద్ర పర్యావరణ శాఖ నాగ్‌పూర్ కార్యాలయాన్ని, బోర్డు ఇచ్చిన నడిపే అనుమతి పత్రం కోసం చంద్రపూర్ ప్రాంతీయ కార్యాలయాన్ని సమాచార హక్కు కింద అడగండి. 10 రూపాయలు, 30 రోజులు. దరఖాస్తు మరాఠీలో రాయించండి, తెలుగులో రాస్తే తిరిగి వస్తుంది. ‘కాలుష్యం గురించిన సమాచారం ఇవ్వండి’ అని అడగొద్దు. ఫలానా అనుమతి పత్రం నకలు, గత నాలుగు అర్ధ సంవత్సర నివేదికలు, గత రెండేళ్లలో ఇచ్చిన ఆదేశాలు, తీసుకున్న బ్యాంకు గ్యారంటీల వివరాలు అని వస్తువు పేరు పెట్టి అడగండి. షరతులో ‘రోజుకు మూడుసార్లు నీళ్లు చల్లాలి’ అని ఉండి, మీ పట్టికలో 20 రోజుల్లో 14 రోజులు ఒక్కసారే చల్లారని తేదీలతో ఉంటే, ఇక మైక్రోగ్రాముల వాదనే అక్కర్లేదు. వాయు చట్టం 1981 లోని సెక్షన్ 31ఎ కింద బోర్డు ఆదేశం ఇవ్వడానికి షరతు ఉల్లంఘన చాలు.

మీ డబ్బా, మీ మీటరు చట్టపరమైన నమూనాలు కావు. వాటి పని బోర్డు శాంప్లర్‌ను మీ బస్తీకి రప్పించడం. దరఖాస్తులో ‘చర్య తీసుకోండి’ కన్నా ముందు ‘ఫలానా చోట, ఫలానా నెలల్లో, లోడింగ్ జరిగే రోజుల్లో పీఎం 10 కొలవండి’ అని రాయండి. కొలిచే రోజు ముందే తెలిస్తే ఆ రోజు ట్యాంకర్లు నాలుగు తిరుగుతాయి. మీ డబ్బా ఏడాది పొడుగునా అక్కడే ఉంటుంది కాబట్టి ఆ తేడా బయటపడుతుంది. ఏమీ కదలకపోతే జాతీయ హరిత ట్రిబ్యునల్ పుణె బెంచి ఉంది, సెక్షన్ 14 కింద అయితే వివాదానికి కారణం పుట్టిన ఆరు నెలల్లో పోవాలి. డబ్బులు కావాల్సిన పనులకు, అంటే పక్కా రోడ్డు, గాలి స్టేషన్ లాంటి వాటికి, జిల్లా ఖనిజ నిధి ఉంది. 2015 మార్గదర్శకాలు అందులో కనీసం 60 శాతం ప్రాధాన్య రంగాలకు పెట్టాలన్నాయి, 2024 సవరణ దాన్ని 70 శాతం చేసింది. కాలుష్య నియంత్రణ ఆ రంగాల్లో ఒకటి.

జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. 2019 లో మొదలైంది, 131 నగరాలు, 2025–26 నాటికి 40 శాతం దాకా తగ్గింపు లక్ష్యం. పట్టికలో చంద్రపూర్ పేరుంది, బల్లార్‌పూర్, రాజురా లేవు. పైగా పనితీరును ప్రధానంగా పీఎం 10 తో లెక్కించడం వల్ల డబ్బు రోడ్ల వైపే పోయింది. 2024 లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కట్టిన లెక్కలో ఖర్చులో 64 శాతం రోడ్డు దుమ్ముకే, పరిశ్రమల మీద ఒక్క శాతం కూడా లేదు. ఊడ్చే యంత్రం కొంటే ఫోటో వస్తుంది, సైడింగ్‌కు పైకప్పు వేయిస్తే గొడవ వస్తుంది. 2009 లో కేంద్ర బోర్డు సమగ్ర కాలుష్య సూచీ కట్టినప్పుడు చంద్రపూర్ 83.88 తో దేశంలో నాలుగో స్థానంలో ఉంది, అందుకు కారణం ఊడ్వని రోడ్లు మాత్రమే అని ఎవరూ అనలేరు. థర్మల్ కేంద్రాల సల్ఫర్ సంగతి 2025 జులై నోటిఫికేషన్‌తో మళ్లీ మారింది. తీవ్ర కాలుష్య ప్రాంతాలకు, ప్రమాణం అందుకోని నగరాలకు పది కిలోమీటర్ల లోపు ఉన్నవాటి మీద నిర్ణయం ఒక్కొక్క ప్లాంటుకు విడివిడిగా నిపుణుల కమిటీ చేస్తుంది. బస్తీ సంఘం పట్టగలిగిన కొస అది కాదు, దాన్ని సైడింగ్ ఫిర్యాదులో కలిపితే రెండూ నానుతాయి.

ఇదే ప్రశ్న ఒడిశాలోని రాయగడ, కోరాపుట్ వైపు తెలుగువాళ్లకూ వస్తుంది. డబ్బా, ఫర్నేసు, 104 రోజుల లెక్క అంతా అదే. మారేవి బోర్డు, దరఖాస్తు భాష, ట్రిబ్యునల్ బెంచి. అక్కడ కోల్‌కతా బెంచి. గని బొగ్గుది కాకపోతే 2000 ప్రమాణాలు వర్తించవు, బాక్సైట్ ధూళి కాలిస్తే బరువు పోయే లెక్క కూడా వేరు, ఆ ఖనిజంలోనే నీరు బంధించి ఉంటుంది. ఎర్ర పొడిని కాల్చి చూసి బొగ్గు అనుకోకండి.

నవంబరు ఒకటిన నాలుగు డబ్బాలూ ఒకేసారి పెట్టండి. రోజువారీ పుస్తకంలో ఐదు గళ్లు చాలు: తేదీ, లోడింగ్ సమయం, గాలి దిక్కు, నీళ్లు ఎన్నిసార్లు చల్లారు, తాటిపత్రి లేకుండా పోయిన లారీలు గంటకు ఎన్ని. పుస్తకం ఇద్దరు వేరువేరు మనుషులు రాయాలి, వారానికోసారి ఒకరిది ఇంకొకరు చూసి సంతకం పెట్టాలి. కొట్టివేతలు ఉంటే ఉండనీయండి, తిరగరాసిన శుభ్రమైన పుస్తకాన్ని ఎవరూ నమ్మరు.